లజార్ బీటులో ఇళ్ళు

యుద్ధ ఖైదీల శిబిరం, జర్మనీ
11 అక్టోబర్ 1942

అసున్తక్కా,

ముందు అమ్మ సంగతి రాయి. కాళ్ళ గురించి అడగడం లేదు, అవి ఇక లేవవని నాకూ తెలుసు. నోటి గురించి అడుగుతున్నాను. ఇంకా వీధి వీధంతా వినపడేలా తిడుతోందా? తిడుతోందంటే నాకు ఏ బెంగా లేదు.

ఇక్కడ నేనొక పని మొదలుపెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు మాకు పని ఉండదు. బయట బురద, లోపల నలభైమంది మగవాళ్ళ ఏడుపు మొహాలు. ఒకరోజు విసుగెత్తి, "లేవండి, మిమ్మల్ని మా మార్సెయ్ తిప్పి తీసుకొస్తాను" అన్నాను. అందరూ మంచాల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను మాటల్తో నడిపించాను. మొదటివారం రేవు. గ్రీకులు ఓడ దిగిన రోజున అక్కడి రాజుగారమ్మాయి ఊళ్ళో పెళ్ళికొడుకులందర్నీ దాటుకుని వచ్చి, ఎవడో ముక్కూ మొహం తెలియని పరాయివాడి చేతిలో, వీడే నా మొగుడని గిన్నె పెట్టిన కథ. రెండోవారం మెట్లు లేని నగరసభ భవనం. ఫ్రాన్సు పడమటి కొస బ్రెతాన్య నుంచి వచ్చిన రైతు ఒకడున్నాడు, కెర్వెల్లా అని. "మెట్లు లేకపోతే పైవాళ్ళు ఎలా దిగుతారయ్యా, దూకుతారా?" అన్నాడు. వెనక మేడ మీంచి చిన్న వంతెన ఉందని చెప్పాక గానీ ఊరుకోలేదు.

పన్నెండేళ్ళు పోస్టుమన్‌గా బీటు తిరిగి ఆ వీధుల్లో ఉత్తరాలు పంచాను, ప్రతి రాయీ నాదే అనుకున్నాను. కానీ తారీఖులు, పేర్లు జారిపోతున్నాయి. పొయ్యి పైన అరలో నీలం అట్టల పుస్తకాలు పదకొండు ఉన్నాయి కదా, నేను పోగుచేసిన పేట చరిత్ర. అందులోంచి కొంచెం కొంచెంగా ఎత్తి రాసి పంపు. మాకిచ్చే కాగితంలో సగం నా ఉత్తరం, సగం నీ జవాబు. ఆ సగం మీద రాసిందే ఇక్కడికి చేరుతుంది, వేరే కాగితం మీద రాస్తే రాదు. అందుకని చీమ తలకాయంత అక్షరాలు రాయి. అకూల్ చర్చి దగ్గర మెట్లెన్నో కూడా లెక్కపెట్టు.

నీ తమ్ముడు,
లజార్


మార్సెయ్, సాన్ లొరాన్ వీధి
6 నవంబర్ 1942

ఒరేయ్ లజార్,

నీ ఉత్తరం ఇరవై ఆరు రోజులు తిరిగి తిరిగి వచ్చింది. చదివి వినిపించగానే అమ్మ ఏమందో తెలుసా? "వీడికి నా కాళ్ళ మీద బెంగ లేదుటే? నోటి మీదేనా? రానీ, వాడి వీపు మీదే చూపిస్తాను నా నోరు బాగుందో లేదో." ఎదురింటి కార్మెలా కిటికీలోంచే విని పడిపడి నవ్వింది. చాలా, నీ బెంగ తీరిందా?

తెల్లారకముందే రేవుగట్టు మీద చేపల బల్ల దగ్గర నిలబడి, పదింటికి కాళ్ళు మొద్దుబారి ఇంటికొస్తే, తమ్ముడుగారికి మెట్లు లెక్కపెట్టాలి. సరే, వెళ్ళాను. రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలొచ్చాయి. నలభై ఒకటి, ముప్ఫై తొమ్మిది. నీకు నచ్చింది తీసుకో. వజ్రాల్లా చెక్కిన రాళ్ళ మేడ దగ్గరకీ వెళ్ళాను. ఎన్నేళ్ళుగా దాని ముందునుంచి చేపలబండి తోసుకెళ్తున్నానో, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. నిజమేరా, బాగుంది. ఆ మాట ఎవరికీ చెప్పకు.

పుస్తకాలు దింపాను. మశూచికంటే ఘోరమైన ఆ ప్లేగు వచ్చిన ఏడు గురించి నువ్వు రాసింది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. సాన్ లొరాన్ చర్చి పక్క మైదానంలో వెయ్యికి పైగా శవాలు వారాల తరబడి ఎండలో ఉండిపోతే, ఓడ తెడ్లు వేసే ఖైదీల చేత వాటిని నేలమాళిగల్లోకి తోయించారు. ఆ ఖైదీల్లో బతికి బయటపడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. చలిలో కూచున్న వాళ్ళకి ఇదేనా చెప్పే కథ? సరదా అయినది చెప్పరా.

కాగితం అయిపోయింది. అమ్మ మంచం కోడొకటి ఊగుతోంది, వడ్రంగి దొరకడం లేదు. ఒళ్ళు జాగ్రత్త.

అసున్త


ఖైదీల శిబిరం
13 డిసెంబర్ 1942

అక్కా,

నీ రెండు లెక్కల వల్ల ఇక్కడ రెండు పార్టీలు ఏర్పడ్డాయి. కెర్వెల్లా నలభై ఒకటి అంటాడు, పారిస్ మంగలి ముప్ఫై తొమ్మిది అంటాడు. యుద్ధం అయ్యాక ఇద్దరూ వచ్చి లెక్కపెడతారట. మనింట్లోనే దిగుతామంటున్నారు. అమ్మకి చెప్పు.

దగ్గు తగ్గడం లేదు. నీ దగ్గర దాచి లాభం లేదు. మాలో ఒక డాక్టరున్నాడు, తనూ ఖైదీయే. వీపు మీద చెవి పెట్టి విని, ఒక పక్క ఊపిరితిత్తి సగమే పనిచేస్తోందన్నాడు. "నిన్ను నిలబెడుతున్నది మందు కాదు, ఆదివారం నడక. అది మానకు" అన్నాడు. నిజమే అక్కా. సోమవారం నుంచి శనివారం దాకా నేను దగ్గే మనిషిని. ఆదివారం ఒక్కరోజు పోస్టుమన్ లజార్‌ని.

అందుకే తొందరపెడుతున్నాను. వారానికో వీధి చొప్పున వెళ్తున్నాం. మన సందు చివరికి అట్టేపెట్టాను. ఆరోజు నలభైమందినీ మన మెట్లెక్కించి, అమ్మ చేత శనగపిండి పానిస్సులు వేయించి పెడతాను. ఒక్కో పుస్తకం వరసగా ఎత్తి రాయి, ఏదీ వదలకు. ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండగ నాడు, సాన్ విక్తోర్ చర్చికి వెళ్ళి ఆకుపచ్చ కొవ్వొత్తి తెచ్చి అమ్మ తలదగ్గర పెట్టు. నా తరఫున.

లజార్


మార్సెయ్, బెల్ ద మే పేట
14 ఫిబ్రవరి 1943
(ఇది పోస్టులో వెయ్యను.)

నాయనా లజార్,

చేపలు చుట్టే కాగితం మీద రాస్తున్నాను. ఇది నీకు చేరదు, చేరనివ్వను. కానీ ఎవరో ఒకరికి చెప్పకపోతే నా గుండె పగిలేలా ఉంది.

మన ఇల్లు లేదురా. మన సందు లేదు. రేవుకీ అకూల్ మెట్లకీ మధ్య ఏమీ లేదు.

జనవరి ఇరవై నాలుగు, ఆదివారం తెల్లవారుతుండగా మన పోలీసులూ జర్మన్ సైనికులూ తలుపులు బాదారు. రెండు గంటలు టైమిచ్చారు. "రెండ్రోజుల్లో తిరిగొస్తారు, చేతిసంచి చాలు" అన్నారు. అమ్మని చేపలబండి మీద కూచోబెట్టి దుప్పటి కప్పాను. ఆవిడ నోరు ఊరుకుంటుందా? తుపాకీతో ఉన్న జర్మన్ వాణ్ణి పట్టుకుని, "ఏరా, నీకు తల్లి లేదా? ఉంటే ఆమెనీ ఇలాగే బండెక్కిస్తావా?" అంది. వాడికి మన భాష రాక బతికిపోయాం. పేట పేటంతా, ఇరవై వేల మంది, ట్రాముల్లో, ఆ తర్వాత సరుకుల బోగీల్లో. ఫ్రెజ్యూస్ శిబిరంలో చలిలో వారం రోజులు పడుకున్నాం. తిరిగొచ్చాక సామాన్లు తెచ్చుకోమని ఒక్క గంట ఇచ్చారు. తర్వాత మందుపాతరలు. రోజూ పేలుతున్నాయి. ఈ గదిలో కూచుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి, అమ్మ ప్రతి మోతకీ "అది గాబ్రియేలా వాళ్ళది", "అది బేకరీ" అంటుంది.

ఆ గంటలో నీ పుస్తకాలే ముందు తీసుకున్నానురా. కరెంటు లేదు, కిటికీ తలుపులు బిగించి ఉన్నాయి. పొయ్యి పైన అర, నీలం అట్టలు, దారం కట్టు, నీ దస్తూరీ, పదకొండు. ఇక్కడికొచ్చి విప్పితే అవి ఆ అరలోనే వెనక వరసలో ఉండే నీ బీటు పుస్తకాలు. నువ్వు సెలవు పెట్టినప్పుడు బదిలీ మనిషి కోసం ఏ ఇంట్లో ఎవరుంటారో రాసి పెట్టేవాడివే, మొదటి ఏడు తప్ప ఏడాదికొకటి, అవి. చరిత్ర పుస్తకాలేవని నేను గోలపెడుతుంటే అమ్మ మొహం పాలిపోయింది. "నేనే తీయించానే. నువ్వు రేవుకి పోయినప్పుడు మంచం కోడు విరిగితే కార్మెలా చేత దాని కింద పెట్టించాను. సరిగ్గా సరిపోయాయి" అంది.

నీ గ్రీకులు, నీ రాజులు, నీ ప్లేగు, అన్నీ మంచం కోడు కింద ఉండిపోయాయి. ఇప్పుడు అమ్మ, "వాడికి నిజం రాసెయ్యవే" అంటుంది. ఎలా రాయనురా? సగం ఊపిరితిత్తితో ఉన్నవాడికి, నీ ఆదివారం లేదని ఎలా రాయను? రాసినా మధ్యలో చదివే సెన్సారువాళ్ళు చింపేస్తారు.

సాన్ విక్తోర్‌కి వెళ్ళలేదు. ఆరోజు వంతెనలు, దారులు అన్నీ మూసేశారు.

నీ అక్క


మార్సెయ్
17 ఫిబ్రవరి 1943

ఒరేయ్ లజార్,

జవాబు ఆలస్యమైంది, రేవులో పని ఎక్కువ. అమ్మ బాగుంది, నోరు ఇంకా బాగుంది. కొవ్వొత్తి తెచ్చి తలదగ్గర పెట్టాను.

ఇకనుంచి ఉత్తరాలు ఇంటికి రాయకు. పెద్ద పోస్టాఫీసు కిటికీ దగ్గర నా పేరున రాయి, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. నీ బీటులో ఇప్పుడున్న ఫెలిసియన్ ఉన్నాడే, మహా బద్ధకస్తుడు. మెట్లెక్కడు. కింద గుమ్మంలో పడేసి పోతాడు.

నీ చరిత్ర చదివి చదివి నాకు నిద్దరొస్తోంది. చచ్చి రెండువేల ఏళ్ళయినవాళ్ళ గోల ఎందుకురా? నీ బీటు పుస్తకం కనపడింది, అందులోంచి రాస్తున్నాను. మీవాళ్ళకి ఇదే చెప్పు.

"14, మూడో అంతస్తు. కొలొంబానీ గారి విధవరాలు. చెవుడు, తలుపు కొట్టి లాభం లేదు. కిటికీలోంచి బుట్ట వేలాడుతుంటుంది. ఉత్తరం అందులో వేసి తాడు రెండుసార్లు లాగు."

"9, కింది వాటా. దె లూకా. కుక్క కరవదు. యజమాని కరుస్తాడు."

"22, అయిదో అంతస్తు. ఈవిడ కొడుకు బ్యూనస్ అయిరెస్‌లో ఉన్నాడు. ఉత్తరం లేని రోజున కూడా పైకెక్కి 'ఈరోజు లేదమ్మా' అని చెప్పు. చెప్పకపోతే ఆవిడే దిగి వస్తుంది. మోకాళ్ళు బాగోలేవు."

ఇంత మంచివాడివని నాకెప్పుడూ చెప్పలేదేంరా?

అసున్త


ఖైదీల శిబిరం
28 మార్చి 1943

అక్కా,

నీకు బుద్ధుందా? నేనడిగింది పేట చరిత్ర, నువ్వు పంపింది పనికిమాలిన బీటు పుస్తకం. అవి రెండూ ఒకటే రకం అట్టలు, నిజమే. కానీ విప్పి చూస్తే తెలియదా? చరిత్ర పుస్తకాలు కూడా అక్కడే అరలోనే ఉన్నాయి. స్టూలెక్కి తియ్యి. నీకు ఓపిక లేకపోతే కార్మెలా కూతురి చేత రాయించు. నలభైమంది ఎదురుచూస్తుంటే నేను దె లూకా కుక్క గురించి చెప్పాలా?

ఫెలిసియన్ సంగతి విని నా రక్తం ఉడికిపోయింది. 22లో ఆ ముసలమ్మ రోజూ అయిదంతస్తులు దిగుతోందన్నమాట! పోస్టుమాస్టరుకి గట్టిగా రాశాను. ఈ నెల నాకున్న రెండో ఉత్తరం దానికే ఖర్చుపెట్టాను. పన్నెండేళ్ళు నేను సంపాదించిన పేరు వాడు మూణ్ణాళ్ళలో పోగొడుతుంటే ఊరుకోలేను.

ఇంకోమాట. కొత్తగా వచ్చిన ఒకడు, రేవు పక్క మురికి కొంపలేవో కూలగొట్టారని రైల్లో విన్నాడట. ఏవి? మన వైపేనా? వెంటనే రాయి. అమ్మకి ఏమైనా అయితే దాచకు. ఒట్టు.

లజార్


మార్సెయ్
25 ఏప్రిల్ 1943

ఒరేయ్ లజార్,

అరవకు, దగ్గొస్తుంది.

కూలగొట్టింది నిజమే. బట్టలుతికే రేవు వెనక రెండో మూడో పాత కొట్లు. ఎప్పుడో పడిపోవలసినవే, ఎవరూ ఏడవలేదు. మన వైపు గాలి కూడా కదల్లేదు. అమ్మకేం కాలేదు. నువ్వు ఒట్టు పెట్టించుకున్నావని చెబితే, "నా మీద ఒట్టు పెట్టడానికి వీడెవడే? నేనేమైనా వాడి మేకనా?" అంది. నమ్ముతావా ఇప్పుడైనా?

స్టూలెక్కలేను, నడుం పట్టేసింది. ఉన్నదే రాస్తాను, తిట్టుకో.

"17, రెండో అంతస్తు. బెనారోయా, దర్జీ. చేతిలో సూది ఉంటుంది, ఒక్క నిమిషం ఆగు. ఉత్తరం అక్కడే విప్పి నీకూ చదివి వినిపిస్తాడు. తొందర పడకు, ఆయనకి వినేవాళ్ళు లేరు."

"31, మేడ మీద. అక్కాచెల్లెళ్ళు, మాటల్లేవు. ఇద్దరి ఉత్తరాలూ ఒకళ్ళ చేతికి ఇవ్వకు. వేరు వేరు తలుపులు కొట్టు."

ఫెలిసియన్ మీద రాసింది చాలు. మళ్ళీ రాయకు. పాపం, అతను మెట్లెక్కుతున్నాడు.

అసున్త


ఖైదీల శిబిరం
13 జూన్ 1943

అక్కా,

నన్ను క్షమించు. నీ నడుం సంగతి తెలియక నోరు పారేసుకున్నాను. ఫెలిసియన్ దారిలో పడ్డాడంటే నా ఉత్తరం పనిచేసిందన్నమాట.

ఒక వింత జరిగింది. నెల రోజులు మంచం మీదే ఉన్నాను, రక్తం పడింది. చరిత్ర చెప్పే ఓపిక లేదు. చేతికందింది నీ ఉత్తరాలే. సరేనని 14వ నంబరు బుట్ట గురించి చదివాను. కెర్వెల్లా లేచి కూచున్నాడు. "తర్వాతి ఇల్లు?" అన్నాడు. దె లూకా దగ్గర అందరూ నవ్వారు. 22 దగ్గర పారిస్ మంగలి మొహం తిప్పుకుని, "మా అమ్మ కూడా అలాగే దిగి వస్తూంటుందేమో" అన్నాడు. అప్పటినుంచి ఆదివారం మాకు గ్రీకులు అక్కర్లేదు. ఒక్కో తలుపూ కొడుతున్నాం. బెనారోయా గారి ఉత్తరం నేనే కల్పించి చదువుతున్నాను. ఆయనకి వినేవాళ్ళు ఇప్పుడు నలభైమంది ఉన్నారని చెప్పు. తప్పకుండా చెప్పు, ఎంత సంతోషిస్తాడో!

అక్కా, పన్నెండేళ్ళు నేను రాళ్ళ గురించి పుస్తకాలు నింపుకుంటూ, తలుపులు తీసినవాళ్ళని బదిలీ మనిషికి వదిలేశాను. అసలు చరిత్ర ఏ కట్టలో ఉందో నీకే ముందు తెలిసింది. ఇంకా పంపు. ఎవర్నీ వదలకు.

లజార్


మార్సెయ్, బెల్ ద మే
11 జూలై 1943
(ఇదీ పోస్టులో వెయ్యను.)

నాయనా,

నువ్వు పొగిడేకొద్దీ నాకు ఊపిరాడటం లేదు. నాకేం తెలుసురా? చీకట్లో తప్పు కట్ట తీశాను, అంతే.

బెనారోయా గారికి చెప్పమన్నావు. ఎక్కడని వెళ్ళి చెప్పను? ఫ్రెజ్యూస్ దాకా కూడా రానివ్వలేదు వాళ్ళని. యూదులని చెప్పి ఊళ్ళోనే విడదీసి, ఉత్తరాన పోయే రైలెక్కించారు. భార్యనీ, చిన్నకూతుర్నీ కూడా. అప్పటినుంచి ఒక్క ముక్క లేదు. 22లో ముసలమ్మ శిబిరంలోనే జ్వరంతో పోయింది. బ్యూనస్ అయిరెస్ నుంచి రెండు ఉత్తరాలు వచ్చి పోస్టాఫీసులో పడి ఉన్నాయి. ఫెలిసియన్ వాటిని వెనక్కి పంపలేకపోతున్నాడు. దె లూకా ఎక్స్‌లో బంధువుల ఇంట్లో ఉన్నాడట. కుక్కని ఆ ఉదయం తీసుకురానివ్వలేదు.

పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి పేరుకీ ఇప్పటి చిరునామా రాద్దామని ఆదివారాలు తిరుగుతున్నాను. ఎనభై ఏడు ఇళ్ళకి పంతొమ్మిది దొరికాయి. మిగతా చోట పెన్సిలు పట్టుకుని కూచుంటాను. ఏం రాయాలో తెలియదు.

రోజూ అమ్మా నేనూ తగువే. "వాడు నా కొడుకు. నేను కన్నాను. నిజం మోసుకోగలడు" అంటుంది. "నువ్వు కన్నది రెండు ఊపిరితిత్తులతో" అంటాను.

అసున్త


ఖైదీల శిబిరం
15 ఆగస్టు 1943

అక్కా! అక్కా!

నేను వచ్చేస్తున్నాను. జబ్బు మనుషుల జాబితాలో నా పేరు వచ్చింది. పనికిరాని ఊపిరితిత్తి చివరికి పనికొచ్చింది. ఈ వారమే మమ్మల్ని ఇక్కడినుంచి కదిలిస్తారు. దారిలో ఆస్పత్రుల్లో ఎన్నాళ్ళు ఉంచుతారో, ఏ బండిలో పంపుతారో తెలియదు. సెప్టెంబర్ మొదట్లో రావచ్చు. అందుకే ఈసారి జవాబు కాగితం జతచెయ్యడం లేదు. రాసినా తీసుకోవడానికి నేనుండను.

స్టేషన్‌కి రావద్దు. అమ్మని వదిలి రావద్దు. నాకొక కోరిక ఉంది, కాదనకు. నేను ఒక్కణ్ణే నా బీటు నడుచుకుంటూ వస్తాను. మొదటి నంబరునుంచి చివరిదాకా ప్రతి తలుపూ కొడతాను. కొలొంబానీ గారి తాడు రెండుసార్లు లాగుతాను. 22కి, అయిదంతస్తులైనా సరే, ఆగి ఆగి ఎక్కుతాను. ఇక్కడివాళ్ళంతా తలో ఇంటికీ ఒక్కో మాట చెప్పమన్నారు, రాసుకున్నాను. కెర్వెల్లా మాట దె లూకా కుక్కకి. అన్నీ అయ్యాక ఆఖరి తలుపు మనది. నువ్వు వంటింట్లో ఉండు. అమ్మని గుమ్మం వైపు తిప్పి కూచోబెట్టు.

ఇదంతా నీ ఉత్తరాల వల్లే. అవి లేకపోతే ఈ వేసవిలోనే నేను పోయేవాణ్ణి. నిజం చెబుతున్నాను.

వస్తున్నా,
లజార్


మార్సెయ్, సాన్ షార్ల్ స్టేషన్
7 సెప్టెంబర్ 1943
(చేతికివ్వాలి.)

లజార్,

నీ ఉత్తరం మొన్న అందింది. చదివి వినిపిస్తే అమ్మ తిట్టలేదు. నీకు తెలుసుగా, అమ్మ తిట్టకపోవడమంటే ఏమిటో. "ఇప్పుడేం చేస్తావు?" అంది. అంతే.

ఫెలిసియన్ దగ్గరికి పరిగెత్తాను. నువ్వు పోస్టుమాస్టరుకి రాసిన ఫిర్యాదు అతని జేబులోనే ఉంది. నా అబద్ధం వల్ల నీ చీవాట్లు తిని కూడా నీ ఉత్తరాలన్నీ దాచి నాకిచ్చినవాడు అతనే. "తంతి కొట్టు, ఏదో ఒకటి చెయ్యి బాబూ" అన్నాను. "శిబిరం వదిలిన ఖైదీకి చిరునామా ఉండదమ్మా. ఎక్కడికని కొట్టను?" అన్నాడు. తలుపు తలుపుకీ ఉత్తరాలు చేర్చినవాడివి, నీకు ఒక్క ఉత్తరం చేర్చలేకపోతున్నాను.

అందుకే వద్దన్నా వచ్చాను. మూడ్రోజులుగా ఉత్తరాన్నుంచి వచ్చే ప్రతి బండీ చూస్తున్నాను. రెండు వచ్చాయి, ఒకటి రాలేదు. ఎప్పుడొస్తుందో బోర్డు మీద రాసేవాడికే తెలియదు. మధ్యలో అమ్మకి అన్నం పెట్టడానికి ఇంటికి పరిగెత్తాలి. సరిగ్గా ఆ గంటలోనే నువ్వు దిగిపోతే? ఆ భయంతో మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాను.

నిన్ను చూడగానే నాకు మాట రాదు, నాకు తెలుసు. అందుకే ఈ కాగితం. ఇది చదివేదాకా స్టేషన్ దాటకు. నీ బీటు లేదు. ఫిబ్రవరిలో మొత్తం పేల్చేశారు. నీ పుస్తకాలు పోయాయి. నేను రాసినవన్నీ అబద్ధాలు. కొవ్వొత్తి, స్టూలు, నడుంనొప్పి, బట్టల రేవు వెనక కొట్లు, అన్నీ. నువ్వు బతకాలని ఆడాను. నిన్ను సరాసరి ఆ రాళ్ళగుట్టకే తోలుతున్నానని తెలియలేదు.

తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. ఒక్కడివే అటు వెళ్ళకు.

నీ అక్క


మార్సెయ్
9 సెప్టెంబర్ 1943
(కింది వాటాలో కాపలా ఆవిడ పైకి తెచ్చిన చీటీ.)

అక్కా,

మమ్మల్ని స్టేషన్‌లో దింపలేదు. సరుకుల బండితో పాటు రేవు అవతల వదిలేశారు. నిన్న పొద్దున వచ్చాను.

సాన్ లొరాన్ చర్చి కనబడింది. నగరసభ కనబడింది. ఆ రెండిటి మధ్య నాకు ఏదీ కనబడలేదు. తప్పు రేవులో దిగాననుకుని అక్కడున్నవాణ్ణి ఇది ఏ ఊరని అడిగాను. వాడు నన్ను తాగుబోతుననుకున్నాడు. కంచె పక్కన నడిచాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ 14 దగ్గర ఆగాను, 22 దగ్గర ఆగాను. అలవాటు, కాళ్ళే ఆగాయి. మాటలు రాసుకున్న కాగితం చేతిలో అలాగే ఉంది.

పోస్టాఫీసుకి వెళ్ళాను. నా ఫిర్యాదుకి క్షమించమని నేను ఫెలిసియన్ కాళ్ళ మీద పడబోతే అతను పట్టుకుని లేపాడు. ఈ చిరునామా అతనే ఇచ్చాడు. నువ్వు నాకోసం స్టేషన్‌లో నిలబడ్డావని చెప్పాడు. "మీ అమ్మగారు బాగున్నారు" అని కూడా అన్నాడు. ఆ మాట నీ ఉత్తరాల్లో ఎన్నిసార్లు చదివానో.

నిన్నటినుంచి మీ మెట్ల కింద ఉన్నాను, నువ్వు వచ్చి పోయినప్పుడల్లా కాపలా ఆవిడ గదిలోకి తప్పుకున్నాను. ఎక్కలేకపోతున్నాను. ఊపిరితిత్తి వల్ల కాదు.

నీ మీద కోపం లేదు అక్కా. నేనైనా అలాగే రాసేవాణ్ణి. కానీ నువ్వు రాసిందాంట్లో ఏది ఉందో, ఏది లేదో నాకు ఇప్పుడు తెలియడం లేదు. చలిలో వారం రోజులని ఫెలిసియన్ చెప్పాడు. కాళ్ళు లేని మనిషి. నువ్వు అమ్మ మాటలని రాసినవన్నీ అమ్మ అన్నవేనా? లేకపోతే నువ్వే కూచుని, ఆవిడ బతికుంటే ఇలా అనేదని రాశావా?

నువ్వు దిగి రాకు. నీ మొహం చూస్తే మళ్ళీ నమ్మేస్తాను. అమ్మ ఉంటే, ఆవిణ్ణి కిటికీ దగ్గరికి జరిపి నన్ను తిట్టమను.

కింద నిలబడి ఉన్నాను.

లజార్